అలసిన చేతికి రేకు రాదు



వేసవి వచ్చిందంటే మన కోనసీమలో కాలువలు కట్టేస్తారు. దాళ్వా వరి చేతికి వచ్చే వేళకు పైన నీరు ఆపుతారు. ఊరి మంచినీటి చెరువులు ముందుగానే నింపుకొంటారు. తరువాత కాలువ అడుగున పేరుకొన్న పూడిక, గుర్రపుడెక్క, మనం సిగ్గులేకుండా పారేసిన చెత్త అన్నీ బయటపడతాయి. లాకుల తలుపులకు మరమ్మతులు, గట్లకు మట్టి, పూడికతీత ఆ కొద్ది వారాలలోనే జరగాలి. జూన్‌లో మళ్ళీ నీరు వదిలితే సార్వా పనులు మొదలు. పన్నెండు నెలలూ కాలువ పారితే పంట ఎక్కువ వస్తుందని ఏ రైతూ అనడు. ఒక్క ఏడాది ఆ పనులు సరిగా చేయకపోతే శివారు భూములకు నీరెక్కదని చిన్న పిల్లవాడికి కూడా తెలుసు.

కాలువ విషయంలో ఇంత తెలివి ఉన్న మనం మనిషి విషయంలో మాత్రం వేరే లెక్క వేస్తాం. ఎంత ఒళ్లు హూనం చేసుకొంటే అంత గొప్ప పనివాడు అంటాం. రాత్రి రెండు గంటల దాకా దీపం ఆర్పని కుర్రవాణ్ణి చూసి మురిసిపోతాం. జ్వరంతోనే పనికి వెళ్లిన భార్యను గూర్చి గర్వంగా చెప్పుకొనే భర్తలను నేను చూశాను. ఇది త్యాగమా, తెలివితక్కువతనమా అని ఎవరూ అడగరు.

మనిషి మేలైన పని చేయాలంటే ఏమి కావాలి అన్నది ఈ వారం మన పాఠం. రెండు కావాలి. దేహము, మనసు, ఆత్మ కుదురుగా ఉండాలి. ఎందుకోసం చేస్తున్నామో తెలిసిన గురి ఒకటి ఉండాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా రెండవది ఎంతో కాలం నిలవదు.

వాడపల్లి వాళ్లకు దూరపు ఉదాహరణలు అక్కరలేదు. ప్రక్కనున్న ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్లను చూడండి. బోర్లించిన కుండ క్రింద మంట. పలుచని పిండి నీళ్లలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి అలా వేసి తీయాలి. రెప్పపాటులో రేకు తయారవుతుంది. దాన్ని చిరగకుండా తీయాలి. ఒత్తిడి ఎక్కువైనా చెడుతుంది, తక్కువైనా చెడుతుంది. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పేరు ఊరికి వచ్చింది గాని, ఆ పేరు నిలబెట్టేది ఆ చేతుల కుదురే. నిద్రలేని చేయి, ఇంట్లో జగడమాడి వచ్చిన చేయి, మనసు ఎక్కడో పెట్టిన చేయి ఆ పని చేయలేదు. మోటు పనిలోనైతే అలసటను కొంతసేపు దాచవచ్చు, నాజూకు పనిలో అది వెంటనే బయటపడుతుంది.

ఇక పెద్ద ఉదాహరణకు వద్దాం. మన డెల్టాలో గుర్రం మీద కూర్చున్న కాటన్ దొర విగ్రహం చూడనివారు ఉండరు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మహానుభావుడని బడిలో చెబుతారు. ఆయన మన కతోలిక శ్రీసభ సభ్యుడు కాదు, ఆంగ్లికన్ సంఘస్థుడు. అయినా దైవభక్తి గల మనిషి. ఆయనను గూర్చి సాధారణంగా ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. గుర్రం మీది విగ్రహంలో అది కనబడదు. ఆయన తరచు జబ్బు పడే మనిషి.

ఆర్థర్ కాటన్ గారు 1803లో ఇంగ్లండులో పుట్టి, 1821లో మద్రాసుకు ఇంజనీరుగా వచ్చారు. కావేరి పాయ అయిన కొళ్లిడం మీద 1836లో ఆనకట్టలు కట్టించి తంజావూరు సీమకు మేలు చేశారు. కాని మన దేశపు ఎండలు, జ్వరాలు ఆయన దేహానికి పడలేదు. ఒకసారి కాదు, పలుమార్లు పని వదిలి వెళ్లవలసి వచ్చింది. అలాంటి ఒక సెలవులో ఆస్ట్రేలియా ప్రక్కనున్న టాస్మేనియా దీవిలో గడిపారు. 1841లో ఎలిజబెత్ లెర్మంత్ గారిని పెండ్లాడారు. తిరిగి మన దేశం వచ్చిన తరువాత, ఇంకా పూర్తిగా కోలుకోని మనిషికి పైఅధికారులు తేలిక పని అప్పగించారు. విశాఖపట్నంలో ఒక చర్చి కట్టించడం, సముద్రం ఒడ్డును కోసుకుపోకుండా చూడడం ఆ పని.

అక్కడినుండి గోదావరి ఎంతో దూరం లేదు. ఆ రోజులలో గోదావరి సీమ ఇప్పటి పచ్చని సీమ కాదు. 1832-33 కరువు, 1839 ఉప్పెన ఈ ప్రాంతాన్ని నలిపివేశాయి. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. కళ్లముందే ఏటా సముద్రంలో కలిసిపోతున్న మంచినీరు, ప్రక్కనే ఆకలితో చస్తున్న జనం. కాటన్ గారి గురి అక్కడ కుదిరింది. 1844, 1845 సంవత్సరాలలో నివేదికలు పంపారు. 1846 చివర అనుమతి వచ్చింది. 1847లో పని మొదలైంది. లంకల మధ్య నాలుగు ముక్కలుగా సాగే ఆనకట్ట అది, రాతికట్టడమే రెండు మైళ్లకు మించి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. పని మంచి ఊపులో ఉండగా, 1848లో ఆయన ఆరోగ్యం మళ్ళీ చెడింది. ఏం చేయాలి? మన లెక్క ప్రకారం ‘ప్రాణం పోయినా సరే, పని వదలను’ అని ఇసుకతిన్నె మీదే పడి ఉండాలి. సినిమాలో అయితే అలాగే ఉంటుంది. ఆయన అలా చేయలేదు. కెప్టెన్ ఓర్ అనే అధికారికి పని అప్పగించి ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. 1850లో తిరిగి వచ్చి, 1852లో ఆనకట్ట పూర్తి చేశారు. ఆయన లేని కాలంలో పని ఆగలేదు. కూలీలను, మేస్త్రీలను సమకూర్చి నడిపించడంలో మన తెలుగువాడైన వీణెం వీరన్న గారు కుడిభుజంగా నిలిచారు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా నీటిని నగరం లంకకు దాటించిన అక్విడెక్టును హెయిగ్ అనే మరొక యువ అధికారి కట్టించాడు. పని అప్పగింపబడిన ఆ ఓర్ గారే తరువాత బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట కట్టి 1855 నాటికి ముగించారు.

ఇందులో నేర్చుకోవలసినది చాలా ఉంది. ఆయన వెళ్లిపోవడం గురిని వదలడం కాదు. గురి గట్టిగా ఉన్నవాడే ధైర్యంగా సెలవు తీసుకోగలడు. ‘ఈ పని నా పేరు కోసం’ అనుకొనేవాడు మరొకరికి అప్పగించలేడు. తాను లేకుండా పని జరిగిపోతుందేమోనని భయపడతాడు. ‘ఈ పని ఆకలిగొన్న జనం కోసం’ అనుకొనేవాడికి ఆ భయం లేదు. తాను ప్రక్కకు తప్పుకొంటేనే పని నిలుస్తుందనిపిస్తే తప్పుకొంటాడు. విశ్రాంతికీ వినయానికీ ఉన్న చుట్టరికం ఇదే. మన విచారణలలో గాయకబృందం, యువత సంఘం, మరియదళం నడిపే పెద్దలు కొందరు ఇరవై ఏళ్లుగా ఒక్క ఆదివారం కూడా మరొకరి చేతికి తాళపుచెవి ఇవ్వరు. ఆ పెద్దలు దీన్ని గూర్చి కొంచెం ఆలోచించాలి. గురువులమైన మాకూ ఈ మాట వర్తిస్తుంది.

బైబులు గ్రంథంలో మోషేకు మామగారైన యిత్రో ఈ సలహానే ఇచ్చాడు (నిర్గమ 18). ఉదయం మొదలు సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తగవులు తీర్చే అల్లుణ్ణి చూసి ఆ పెద్దాయన మెచ్చుకోలేదు, మందలించాడు. నీవూ అలసిపోతావు, నీ ప్రజలూ అలసిపోతారు, తగిన వారిని ఎంచి పని పంచు అన్నాడు. మోషే విన్నాడు. అల్లుళ్లు మామల మాట విన్న సందర్భాలు అరుదు కాబట్టి దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇంతకంటె లోతైన పాఠం ఏలీయా ప్రవక్త చరిత్రలో ఉంది (1 రాజులు 19). కర్మెలు కొండమీద అంత గొప్ప విజయం పొందినవాడు మరునాటికే యెసెబెలు రాణికి భయపడి ఎడారికి పారిపోయాడు. చెట్టు క్రింద కూలబడి, ఇక చాలు ప్రభూ, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఏమి చేశాడో గమనించండి. కోప్పడలేదు. ప్రసంగం చేయలేదు. విశ్వాసం సన్నగిల్లిందని నిందించలేదు. నిద్రపోనిచ్చాడు. దేవదూత వచ్చి తట్టి లేపితే తలదగ్గర రొట్టె, నీళ్లు ఉన్నాయి. తిని మళ్ళీ పడుకొన్నాడు. రెండవసారి కూడా దేవదూత లేపి తినిపించాడు. అప్పుడు గాని ప్రయాణం మాట రాలేదు. ఆ భోజన బలంతో నలభై పగళ్లు, నలభై రాత్రులు నడిచి హోరేబు కొండ చేరాడు. అక్కడ దేవుడు ఆయనకు క్రొత్త పని అప్పగించాడు. మొదట నిద్ర, తరువాత అన్నం, తరువాత నడక, చివరకు పని. మనం బిడ్డలతో ఈ వరుసను తలక్రిందులు చేస్తాం.

పునీత తోమాసు అక్వీనాసు గారు (1225-1274) తన మహాగ్రంథంలో దుఃఖానికి విరుగుళ్లు ఏమిటని అడిగి జాబితా ఇస్తాడు. కన్నీళ్లు, స్నేహితుల ఓదార్పు, సత్యధ్యానం. వీటితోపాటు నిద్ర, స్నానం కూడా చెబుతాడు! పెద్ద సెమినరీలో ఈ పేజీ మొదటిసారి చదివిన రోజున మేమంతా నవ్వుకొన్నాం. అంతటి వేదాంతి ఇలా మా అమ్మమ్మలా మాట్లాడాడేమిటి అనుకొన్నాం. కాని ఆయన చెప్పేది తేలిక మాట కాదు. మనిషి అంటే దేహంలో బందీగా ఉన్న ఆత్మ కాదు. దేహమూ ఆత్మా కలిసిన ఒకే వ్యక్తి. కాబట్టి దేహానికి ఇచ్చిన విశ్రాంతి ఆత్మకూ చేరుతుంది.

అదే గ్రంథంలో ఆయన పునీత యోహాను గారిని గూర్చిన ఒక పాత కథ చెబుతాడు. యోహాను గారు శిష్యులతో సరదాగా ఆడుకొంటుంటే కొందరు చూసి నొచ్చుకొన్నారట. వారిలో ఒకని చేతిలో విల్లు ఉంది. బాణం వేయమన్నాడు. వేశాడు. మళ్ళీ వేయమన్నాడు. ఇలా ఆపకుండా వేస్తూ ఉండగలవా అని అడిగితే, విల్లు విరిగిపోతుంది అన్నాడు అతను. మనిషి మనసు కూడా అంతేనని ఆయన జవాబు. అక్వీనాసు గారికంటె ఎంతో ముందే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ కూడా విలుకాని పోలికే వాడాడు. జీవితానికి అంతిమ లక్ష్యం ఏదో తెలిస్తే, గురి కనబడే విలుకానిలా మనం సరిగా కొట్టగలం గదా అన్నాడు. గురి లేని విల్లు గోడకు తగిలించిన అలంకారం.

ఈ చివరి మాట కొంచెం విడమరచాలి. ఎందుకంటే విశ్రాంతి పేరు చెప్పి సోమరితనాన్ని సమర్థించుకొనేవారు మనలో లేకపోలేదు. కొబ్బరితోట రాబడి మీద ఆధారపడి, పగలు నిద్ర, రాత్రి ఒంటిగంట దాకా సెల్‌ఫోను. ఇది విశ్రాంతి కాదు. లేచినప్పుడు నిద్రపోయినప్పటికంటె ఎక్కువ అలసి ఉంటారు. గురి లేనివాడికి ఎంత విశ్రాంతి ఇచ్చినా కుదురు రాదు. మార్కు సువిశేషం ఆరవ అధ్యాయం చూడండి. తిరిగి వచ్చిన శిష్యులను ప్రభువు ఏకాంత స్థలానికి రమ్మని, కొంత విశ్రాంతి తీసికొనండి అన్నాడు. తినడానికైనా తీరిక లేనంతగా జనం వస్తున్నారట. పడవెక్కి వెళ్లేసరికి జనం అక్కడికీ ముందే చేరుకొన్నారు. ప్రభువు విసుగుకోలేదు. కాపరి లేని గొఱ్ఱెలవలె ఉన్న వారిని చూసి జాలిపడి బోధింపసాగాడు. విశ్రాంతిని ఆయన తోసివేయలేదు, దాన్ని దేవుణ్ణి చేసి పూజించనూ లేదు. ఆ సాయంత్రమే జనాన్ని పంపివేసి, కొండమీదికి ప్రార్థనకు వెళ్లాడు.

మన ఊరికి ప్రతి శనివారం వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చే హైందవ సోదరులను మనం చూస్తూనే ఉన్నాం. ఏడు శనివారాలు రావాలని నియమం పట్టినవారు ఎండైనా వానైనా వస్తారు. వారి విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. కాని ఒక నియమం పట్టుకొంటే కాళ్లకు బలం ఎలా వస్తుందో అక్కడ కనబడుతుంది. ఒక్క ఆదివారం వర్షం పడితే పూజ మానుకొనే మనం దాన్ని చూసి అసూయ పడవచ్చు, తప్పులేదు.

ఇక బిడ్డల సంగతి. ఈ పాఠం వ్రాయడానికి అసలు కారణం అదే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తరువాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. మార్కుల లెక్కింపులో తప్పులు దొర్లాయని ఆ రోజులలో పెద్ద గొడవ జరిగింది. తప్పు ఎవరిదైనా పోయినవాళ్లు తిరిగి రారు. మన ఆంధ్రలోనూ ఫలితాల రోజులలో అలాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆ పిల్లలకు గురి లేదా? ఉంది. కాని ఎలాంటి గురి? ర్యాంకు. అది మనిషి కోసం కాదు, ఒక అంకె కోసం. వైద్యురాలినై మా లంకలో గర్భిణీ స్త్రీలు పడవకోసం ఎదురుచూస్తూ బాధపడకుండా చూస్తాను అనుకొన్న పిల్లకు ఈ ఏడు సీటు రాకపోతే మరుసటి ఏడు ఉంది, నర్సింగు ఉంది, ఫార్మసీ ఉంది. ఆ గురికి దారులు అనేకం. ర్యాంకు మాత్రమే గురి అయిన పిల్లకు ఒక్కటే దారి. అది మూసుకుపోతే ఇక ఏమీ కనబడదు.

తలిదండ్రులారా, మీ బిడ్డ హాస్టలులో ఎన్ని గంటలు నిద్రపోతున్నదో మీకు తెలుసా? నెలకు ఎన్ని ఆదివారాలు దివ్యపూజకు పంపుతున్నారో కనుక్కొన్నారా? ఫీజు ఎంతో పైసలతో సహా చెప్పగలిగిన వారిలో చాలామంది ఈ రెండింటికీ జవాబు చెప్పలేరు. నిద్ర తగ్గితే చదివినది గుర్తుండదని వైద్యులు చెబుతున్నారు. నేర్చుకొన్నది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. కాబట్టి నిద్ర మాన్పించి చదివించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. బిడ్డ మౌనంగా మారినా, అన్నం మానినా, బ్రతకడం దండగ అన్న మాట నోట వచ్చినా దాన్ని నటన అనుకోకండి. దగ్గర కూర్చోండి, వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. ప్రభుత్వం 2022లో టెలీ మానస్ అనే ఉచిత సహాయ ఫోను ఏర్పాటు చేసింది. నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యుని సలహా అడగడం విశ్వాసలోపం కాదు. ఏలీయాకు రొట్టె తెచ్చిన దూతలు ఒక్కొక్కప్పుడు తెల్లకోటు వేసుకొని కూడా వస్తారు.

ఇంకొక మాట. కాటన్ గారికి సెలవు దొరికింది. రాళ్లు మోసిన కూలీకి అలాంటి సెలవు ఎవరిస్తారు? ఆరోగ్యం, విశ్రాంతి అనేవి డబ్బున్నవారి సొత్తు అయిపోతే ఈ పాఠమంతా వృథా. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో విశ్రాంతిదినం ఆజ్ఞ యజమానికి మాత్రమే ఇవ్వలేదు. నీ దాసుడు, నీ దాసి కూడా నీవలెనే విశ్రమించాలి అన్నది దాని భావం. ఎద్దును, గాడిదను కూడా దేవుడు మరువలేదు. 1891లో 13వ లియో జగద్గురువులు కార్మికులను గూర్చి వ్రాసిన విశ్వలేఖలో ఆదివార విశ్రాంతిని కార్మికుని హక్కుగా చెప్పారు. 1998లో 2వ జాన్‌పాల్ జగద్గురువులు ప్రభువు దినాన్ని గూర్చి ప్రత్యేకంగా ఒక లేఖే వ్రాశారు.

మన కుటుంబాలలో ఎందరో ఆడపడుచులు గల్ఫు దేశాలలో ఇంటిపని చేస్తున్నారు. ఇంటిపనివారికి వారానికి వరుసగా కనీసం 24 గంటల విశ్రాంతి ఉండాలని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చేసింది. కువైట్ 2015లో చేసిన చట్టం వారపు సెలవును, రోజుకు 12 గంటలకు మించని పనిని చెబుతోంది. చట్టంలో ఉన్నదంతా ఇంట్లో అమలు జరుగుతుందని నేను అనను. అయినా వెళ్లబోయే చెల్లెలికి ఈ సంగతి తెలిసి ఉండాలి. ఫోనులో ‘ఈ నెల ఎంత పంపుతున్నావు’ అని అడిగే ముందు ‘ఈ వారం సెలవు ఇచ్చారా, ఒంట్లో ఎలా ఉంది’ అని అడగాలి. ఆమె డబ్బుతో కట్టిన డాబాలో కూర్చుని ఆమె నడుము నొప్పిని మరచిపోయే ఇల్లు క్రైస్తవ కుటుంబం అనిపించుకోదు. మన ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చే అమ్మకు, తోటలో దింపు తీసే మనిషికి, చెరువు గట్టున రొయ్యల మేత వేసే కుర్రవాడికి మనం ఏమి సెలవు ఇస్తున్నామో కూడా చూసుకోవాలి.

కుటుంబ ప్రార్థన తరువాత ఈ వారం ఇంటిల్లిపాదీ కలిసి మాట్లాడుకోవడానికి కొన్ని ప్రశ్నలు ఇస్తున్నాను. పెద్దవాళ్లు ముందుగా జవాబు చెప్పాలి, పిల్లలను అడ్డగించకూడదు.

మన ఇంట్లో అందరికంటె ఎక్కువ అలసిపోయేది ఎవరు? వారి పనిలో ఏది మరొకరు తీసుకోగలరు? ఎవరు, ఏ రోజునుండి?

నీవు చదివే చదువు, చేసే పని ఎవరికి మేలు చేయడానికి? ఆ మనిషి పేరు గాని, ఆ ఊరి పేరు గాని చెప్పగలవా?

వచ్చే ఆదివారం పూజ తరువాత సాయంత్రం దాకా ఇంట్లో ఏ పని ఆపగలం? రాత్రి ఎన్ని గంటలకు ఫోనులన్నీ ఒకచోట పెట్టగలం?

మన దగ్గర పనిచేసే వారికి వారంలో ఏ రోజు సెలవు? ఆ రోజు కూలీ ఇస్తున్నామా?